తోక గొట్టంలో మనిషి

ఇంకొక్క రేకు బిగిస్తే మా విమానం పూర్తయినట్టే. సరిగ్గా ఆ రేకు దగ్గరే నేను మనిషినన్న పేరు పోగొట్టుకున్నాను. సిగ్గేసి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. మొదలుపెట్టాక సగంలో ఆపను, మీరూ మధ్యలో ఓదార్చకండి.

నా పేరు త్రికోటి. ఊళ్లో కోటిగాణ్ణి, హైదరాబాదు ఆఫీసులో కోటి గారిని. విమానం నడిపే లైసెన్సు ఉంది. నలభయ్యో ఏట నాకో పిచ్చి పట్టుకుంది. సొంత విమానం కావాలి, అదీ నా చేత్తో కట్టుకున్నదై ఉండాలి. అలాంటివి ఉంటాయి. పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో అల్యూమినియం రేకులూ, వంచిన ముక్కలూ, బొమ్మలతో లావుపాటి పుస్తకమూ వస్తాయి. మిగతాదంతా మనమే చేసుకోవాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత చిన్న విమానం. చిన్నదే కదా అని తీసిపారెయ్యకండి, గంటకి మూడు వందల కిలోమీటర్లు పోతుంది. దాన్ని నడిపే కర్ర రెండు వేళ్లతో కదిపితే చాలు, మాట వింటుంది.

దానికి నాకు దొరికిన గురువు దస్తగిరి ఉస్తాద్. ముప్పై ఏళ్లు వైమానిక దళంలో రేకు పని చేసి రిటైరయ్యారు. మా ఊరికి దగ్గర్లో యుద్ధం రోజుల నాటి పాత రన్‌వే ఒకటుంది. దాని మీద సగం మేర మిరపకాయలు ఆరబోస్తారు. మిగతా సగం పక్కన ఆయన షెడ్డు వేసుకున్నారు.

ఆయన నేర్పడం కూడా విచిత్రంగా ఉండేది. రేకుల్ని కలిపి బిగించే రివెట్లు నేను వరసగా కొట్టాక, కళ్లు మూసుకుని బొటనవేలితో తడుముకుంటూ పోతారు. బాగుంటే ఏమీ అనరు. బాగాలేని దాని దగ్గర ఆగి, డ్రిల్లు తెచ్చి నా చేతిలో పెడతారు. పీకేసి మళ్లీ కొట్టమని దాని అర్థం. ఐదేళ్లలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక చేతిరుమాలులో మూటగట్టొచ్చు.

మొదటిరోజు మటుకు ఒక మాటన్నారు. నా చేతులు చూసి, నాతో వచ్చిన మా అన్న ఎల్లమంద చేతులు చూసి, "నువ్వు మీ అన్న దగ్గర నేర్చుకో. చెయ్యి తిరిగాక నా దగ్గరకి రా" అన్నారు.

మా అన్న బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఇరవై ఏళ్ల పైనుంచీ పని చేస్తున్నాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఏడో తరగతి దాకా చదివాడు. మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది. సంతోషం వస్తే పక్క ఊరికి వినపడేలా నవ్వుతాడు. నాకు రివెట్లు కొట్టే గన్ను పట్టుకోవడం నేర్పింది అన్నే. "చెయ్యి బిగబట్టబాకరా, దాని పని దాన్ని చేసుకోనీ" అని వెనకనించి నా మోచెయ్యి తట్టేవాడు.

రివెట్టు ఒక్కడి పని కాదు. బయట ఒకడు గాలి గన్నుతో కొడుతుంటే, రేకు వెనకాల రెండోవాడు నున్నటి ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. దాన్ని మేం బార్ అంటాం. రివెట్టు తోక ఆ దిమ్మకి తగిలి నలిగి, గుండీలాగా కూర్చుంటుంది. దిమ్మ గోరంత వాలినా రివెట్టు పాడవుతుంది. గన్ను పట్టినవాడికి రేకు కనిపిస్తుంది, వెలుతురుంటుంది, గాలాడుతుంది. బార్ పట్టినవాడికి అవేమీ ఉండవు.

ఐదేళ్లు ప్రతి ఆదివారం గన్ను నాది, బార్ అన్నది.

మొదటి ఏడాదే అన్నకి మాటిచ్చాను. "విమానం లేచి, రూలు ప్రకారం మొదట్లో నేనొక్కణ్ణే తిప్పాల్సిన గంటలు అయిపోయాక, కుడిపక్క సీటు నీదే అన్నా. మొట్టమొదట నిన్నే ఎక్కించుకుంటాను."

అప్పటికి సీటు కూడా లేదు, ఖాళీ చట్రం. అన్న మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని, సీటు రావాల్సిన చోట పలక వేసుకుని కూర్చుని అన్నం తినేవాడు. "ఏందిరా, ఇంకా లేవదేంది ఇది?" అని నవ్వేవాడు.

అన్నంటే నాకు ప్రాణం. అన్నంటే నాకు సిగ్గు కూడా. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని అడక్కండి. నాలో ఉండేవి.

చలికాలం రావడానికి రెండు నెలల ముందు, పట్నంలో సొంత విమానాలున్నవాళ్ల సంఘం నుంచి నలుగురు మా షెడ్డుకి వచ్చారు. ముందు నడుస్తున్నాయన కెప్టెన్ రఘునందన్. ఆ సంఘంలో ఆయన మాటకి ఎదురులేదు. ఆయనకి నచ్చితే చలికాలం జరిగే వాళ్ల విమానాల మేళాలో నా విమానం ముందు వరసలో పెడతారు. నిజం చెప్తున్నాను, ఆ ముందు వరస కోసం నేను రాత్రీ పగలూ కలలుగన్నాను.

వాళ్లొచ్చేసరికి మేం ఆఖరి రేకు మీదున్నాం. సీట్ల వెనకాల, తోక వైపు పైకప్పు రేకు అది. దానికి బార్ పట్టాలంటే సీట్ల వెనక సందులోంచి తోక గొట్టంలోకి పాక్కుంటూ పోవాలి. పోయేకొద్దీ సన్నబడుతుంది, వెనక్కి తిరిగే చోటుండదు. అన్న లోపల వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నేను గన్ను కింద పెట్టి వాళ్లకి ఎదురెళ్లాను. బయటికి రావడం పెద్ద తతంగం కనక అన్న లోపలే ఉండిపోయాడు.

కెప్టెన్ గారు విమానం చుట్టూ తిరిగారు. రెక్క మీద చెయ్యి వేసి నిమిరారు. "అద్భుతం కోటి గారూ" అన్నారు. నేను నేల మీద లేను. ఆయన ఎక్కి కుడిపక్క సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూసి ఉలిక్కిపడ్డారు.

"ఇవెవరి కాళ్లండీ?"

ఆయన భుజానికి జానెడు దూరంలో మా అన్న పాదాలు. పగిలిన మడమలు. మోకాళ్ల దాకా మడిచిన ఖాకీ ప్యాంటు. తతిమ్మా ముగ్గురూ వంగి చూసి నవ్వారు.

నేనూ నవ్వాను. "హెల్పర్ సార్. లోపల బార్ పట్టుకుంటాడు" అన్నాను.

నన్నెవరూ బలవంతపెట్టలేదు. కనీసం తడబడలేదు కూడా. అంత నున్నగా వచ్చింది ఆ మాట.

"అయితే పనంతా మీరొక్కరే?"

"అంతా నేనే సార్. ఆదివారాలు."

"ఒంటిచేత్తో! మరి ఇది లేచాక ఈ సీట్లో మొదటి వంతు నాదే."

"తప్పకుండా సార్. మీదే."

అప్పటిదాకా కొద్దికొద్దిగా కదులుతున్న పాదాలు ఆగిపోయాయి.

కాసేపటికి అన్న వెనక్కి పాక్కుంటూ వచ్చాడు. మొహమంతా రేకు పొడి, చెమటకి అంటుకుని మెరుస్తోంది. దిగి, భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. కెప్టెన్ గారికి దణ్ణం పెట్టాడు. నావైపు తిరిగాడు.

"సార్, మంచినీళ్లు తెమ్మంటారా?"

సొంత అన్న, నన్ను, సార్ అన్నాడు. నా పరువు కాపాడ్డానికి. ఎక్కిరింపు లేదు, కోపం లేదు. నేనొక అబద్ధం ఆడితే, అది కూలిపోకుండా తన భుజం ఆనించాడు.

అప్పుడన్నా నోరు తెరవొచ్చు. "ఈయన మా అన్న సార్" అంటే సరిపోయేది. 

"తీసుకురా" అన్నాను.

అన్న గ్లాసులు కడిగి నీళ్లు తెచ్చి అందరికీ ఇచ్చాడు. నాకూ ఇచ్చాడు. తాగాను.

ఉస్తాద్ బల్ల దగ్గర కూర్చుని ఒక ముక్క అంచుకి ఆకురాయి పెడుతున్నారు. నునుపు తేలిన అంచునే మళ్లీ మళ్లీ రుద్దుతున్నారు. తలెత్తలేదు.

సాయంత్రం బండి మీద అన్నని ఇంటి దగ్గర దింపాను. దారిపొడుగునా అన్న మామూలుగానే మాట్లాడాడు. ఎండ ఇంకా తగ్గలేదన్నాడు, వచ్చేవారం గన్నుకి గాలి వచ్చే గొట్టం మార్చాలన్నాడు. తిడితే బాగుండేది. దిగి, "జాగర్తగా పో" అన్నాడు. నేను తలూపి బండి తిప్పాను. వారమంతా హైదరాబాదులో ఆ తలూపడమే గుర్తొచ్చి అన్నం సహించలేదు. రెండుసార్లు ఫోను చేసి, రెండుసార్లూ గన్ను గొట్టం సంగతే మాట్లాడి పెట్టేశాను. ఛీ, ఇంత పిరికివాణ్ణా అనిపించింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. నాకంటే ముందే అన్న షెడ్డులో ఉన్నాడు, బార్ తుడుచుకుంటున్నాడు. ఉస్తాద్ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నారు. "రండి, రండి. ఇద్దరూ ఉంటారు" అని పెట్టేశారు.

తర్వాత లేచొచ్చి అన్న చేతిలోంచి బార్ తీసుకున్నారు. నా చేతిలో పెట్టారు. బల్ల మీది గన్ను తీసి అన్నకిచ్చారు.

"ఇవాళ నువ్వు లోపలికి పో" అన్నారు నాతో.

"నాకలవాటు లేదు ఉస్తాద్."

ఆయన విమానం వైపు చూశారు.

సీట్ల వెనక సందులో నా పొట్ట ఇరుక్కుంది. "ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కోరా" అన్నాడు అన్న. నవ్వు ఆపుకుంటున్నట్టు గొంతులో తెలిసింది. మోచేతులు దోక్కుపోతుండగా పాక్కుంటూ వెళ్లాను. లోపల పొయ్యి మీద పెట్టిన గిన్నెలాగా ఉంది. వీపు కింద అడ్డపట్టీలు. ముక్కుకి బెత్తెడు దూరంలో రేకు, దాన్లో వరసగా చిల్లులు, ఒక్కో చిల్లులోంచి ఒక్కో చుక్క వెలుతురు.

"పెట్టావా?" బయటినించి అన్న.

"ఊఁ."

గన్ను మోగింది. తల మీద బిందె బోర్లించి గరిటెతో బాదినట్టు. బార్ చేతిలో ఎగిరింది, మణికట్టు జిల్లుమంది. రేకు పొడి కళ్లల్లో రాలింది. ఒక రివెట్టు. అన్న ఐదేళ్లలో ఇలాంటివి వేలకి వేలు పట్టాడు.

"పెట్టావా?"

"ఊఁ."

నేను ఊఁ అనేదాకా అన్న ఒక్కసారి కూడా కొట్టలేదు. నేను బయట ఉన్నప్పుడు ఎన్నిసార్లు తొందరపడి ముందే కొట్టానో నాకు తెలుసు. ఒకసారి అన్న బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. "నేనే సరిగ్గా పట్టలేదులే" అన్నాడు అప్పుడు. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కనక నమ్మాను.

పదో పన్నెండో అయ్యాయి. బయట కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు.  ఆ రేకు గొట్టంలో పడుకుంటే బయట గొణిగినా చెవి పక్కన చెప్పినట్టు వినిపిస్తుంది. ఆ సంగతి నాకు ఆ క్షణందాకా తెలీదు.

"నమస్తే ఉస్తాద్." కెప్టెన్ గారి గొంతు. తర్వాత అన్నతో, "ఏవయ్యా, మీ సారేరీ?"

 ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. చెప్పెయ్యి అన్నా, నీకు పుణ్యముంటుంది, అనుకున్నాను.

"లోపలున్నాడండీ. పని చేస్తన్నాడు."

"మరి గన్ను నీ చేతిలో ఉందేం? నీకొచ్చా?"

"సార్ నేర్పాడండీ."

కళ్లు గట్టిగా మూసుకున్నాను. చెవులు మూసుకుందామంటే మోచేతులు పక్కకి తిప్పే సందు లేదు.

"మేళాలో విమానం ముందు పెట్టడానికి బోర్డు రాయించుకొచ్చాను. వినండి ఉస్తాద్" అన్నారు కెప్టెన్ గారు. చదివారు. "ఒక్క మనిషి, ఐదేళ్లు, ఒక విమానం. ఎలా ఉంది?"

"నన్నడక్కండి" అన్నారు ఉస్తాద్. "ఎల్లమందని అడగండి."

గన్ను బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"బాగుందండీ" అన్నాడు అన్న. "సార్ శానా కష్టపడ్డాడు."

అంతే, ఇక నావల్ల కాలేదు. ఏడుపొచ్చేసింది. నలభై ఐదేళ్లవాణ్ణి, తోక గొట్టంలో వెల్లకిలా పడుకుని చిన్నపిల్లాడిలాగా ఏడ్చాను. బయటికి వినపడుతుందని నోరు బిగపట్టుకున్నాను. అప్పుడు కూడా నా భయం అదే చూడండి!

బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ముందు కాళ్లొచ్చాయి, తర్వాత పొట్ట ఇరుక్కుంది, చొక్కా చిరిగింది. అందరూ నా పాదాలవైపు చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. దిగి నిలబడ్డాను. మొహం మీద పొడీ, చెమటా, కన్నీళ్లూ కలిసిపోయాయి. తుడుచుకోలేదు.

"కెప్టెన్ గారూ, ఈయన హెల్పర్ కాదు. మా అన్న. నా తోడబుట్టినవాడు. రివెట్టు కొట్టడం నాకు ఈయనే నేర్పాడు. దీన్లో ప్రతి రివెట్టుకీ ఆ వైపు ఈయన చెయ్యే ఉంది. మీరు కూర్చున్న సీటు ఈయనకి మాటిచ్చింది. ఆవేళ నేను మీకు అబద్ధం చెప్పాను."

కెప్టెన్ గారు పాపం మంచాయనే. బోర్డు వెనక్కి తిప్పి గోడకి ఆనించారు. అన్నకి రెండు చేతులూ జోడించారు. "నాకు తెలీదండీ" అన్నారు.

"మీదేముంది సార్" అన్నాడు అన్న.

నావైపు చూడలేదు. గన్ను గొట్టం చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. సగం చుట్టి ఆపేశాడు. పక్క ఊరికి వినపడే ఆ గొంతు అప్పుడు నాకే సరిగ్గా వినపడలేదు.

"ఆ సీటు ఎవరికిచ్చుకున్నా నాకేం లేదురా. హెల్పరన్నావు, అదీ పడతా, నేను చేసే పని అదే గదా. కానీ నేను లోపలున్నానని నీకు తెలుసు గదరా. నా కాళ్లు కనపడతానే ఉండె గదా."

ఐదేళ్లలో అన్న నన్ను నిలదీసి అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది. తెలీదని చెప్పడానికి లేదు.

"తెలుసన్నా" అన్నాను.

అన్న తలూపాడు. ఆ జవాబు తనకి ముందే తెలుసన్నట్టు. తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు, అటు తిరిగి ఇంకోసారి తుడుచుకున్నాడు.

ఉస్తాద్ రేకు దగ్గర నిలబడి ఉన్నారు. నేను లోపలినించి బార్ పట్టిన వరస మీద కళ్లు మూసుకుని బొటనవేలు నడిపిస్తున్నారు. నేను ఆయన దగ్గరకి వెళ్లాను. 

"ఉస్తాద్, మా అన్నకి నేనింకేం చెప్పాలి?"

ఆయన కళ్లు తెరిచారు. నా మొహంలోకి చూశారు. ఐదేళ్లలో మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేశారు.

"చెప్పడం అయిపోయింది బేటా" అన్నారు. "ఇంకా ముప్పై ఆరు రివెట్లు ఉన్నాయి. లోపలికి పో."